యెరూషలేములో ఒక శుక్రవారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు కోరిరి. వారికి నా నమస్కారములు. నేను పండితుడను కాను. బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. ఏదైన యాత్రావిశేషము చెప్పుమనిరి. నేను చూచిన దూరదేశము ఒక్కటే. ఆ దేశమున మనసు పెట్టి చూచిన నగరమును ఒక్కటే. అదియు రెండు రాత్రులు, నడుమ ఒక పూర్తి పగలు. ఆ నగరము యెరూషలేము. ఆ పగలు 2019వ సంవత్సరము నవంబరు నెలలో ఒక శుక్రవారము.

మన పోస్టుమాస్టరుగారికి చిన్ననాటి నుండి ఆ నగరము చూడవలెనని కోరిక. ప్రతి ఆదివారము చర్చిలో ఆ పేరు వినుచు పెరిగినవారు. తీరా వెళ్ళుటకు డబ్బు కుదిరిన నాటికి మోకాళ్ళు కుదరలేదు. తోడు లేనిదే పంపనని వారి కుమారుడు పట్టుపట్టెను. అప్పుడు వారి ఇల్లాలు మా ఇంటికి వచ్చి, “అన్నయ్యగారూ, ఆయన్ని కసిరి కూర్చోబెట్టగలిగింది మీరొక్కరే. మీరు వెళ్ళండి” అనెను. ఊరిలో చాలమంది ఆశ్చర్యపడిరి. ఏలయన మా ఇద్దరికిని అప్పటికి అయిదేండ్లుగా సరియైన మాట లేదు. కారణము ఇక్కడి పెద్దలందరికి తెలిసినదే. తెలియని పిల్లలకొఱకు తరువాత చెప్పెదను.

హైదరాబాదు నుండి బయలుదేరిన యాత్రికుల బృందములో చేరితిమి. విమానములో జోర్డాను దేశపు అమ్మాను నగరమునకు, అక్కడినుండి బస్సులో వంతెన దాటి ఆవలి గట్టునకు పోవలెను. యొర్దాను నది అనగానే గోదావరి వంటిదని తలచితిని. చూడగా మన పంటకాలువ అంత వెడల్పు. ఆ వంతెన వద్ద తనిఖీలలో మూడు గంటలు గడచినవి. ఆ లోయ సముద్రమట్టమునకు వేయి అడుగులకు పైగా దిగువన నున్నది; నగరము సముద్రమట్టమునకు సుమారు 2,500 అడుగుల ఎత్తున నున్నది. గంటలోపుననే బస్సు అంత ఎత్తును ఎక్కినది. దారిలో చెట్టు చేమ లేదు. ఎండిన కొండలు, మేకలమందలు. నగరము సమీపించుచుండగా కొండలపై పాకుచు పోవు ఎత్తైన కాంక్రీటు గోడ కనబడినది. అది 2002 నుండి ఇస్రాయేలువారు కట్టిన గోడ. పోస్టుమాస్టరుగారు దానినే పాతనగర ప్రాకారమనుకొని చేతులు జోడించిరి. కాదని చెప్పినచో మరల మాట పెరుగునని ఊరకుంటిని.

అసలు ప్రాకారము రాతిది. తురుష్క సుల్తాను సులేమాను 1537 మొదలు 1541 వరకు కట్టించినది. చుట్టుకొలత రెండున్నర మైళ్ళు, ఎత్తు ఇంచుమించు నలుబది అడుగులు. దాని లోపలి పాతనగరము మొత్తము సుమారు 220 ఎకరములు మాత్రమే. మన పెద్దచెరువు ఆయకట్టును తెలిసినవారు ఆలోచింపుడు: ఆ కొద్ది నేలలో యూదులకు పరమపవిత్రమైన స్థలము, క్రైస్తవులకు పరమపవిత్రమైన స్థలము, ముస్లిములకు మక్కా మదీనాల తరువాత పవిత్రమైన స్థలము ఒకదాని కొకటి పది నిమిషముల నడకలో నున్నవి. తెలుగు బైబిలు యెరూషలేమనిన ఊరిని అరబ్బులు అల్ ఖుద్స్ అందురు. పవిత్రమైనది అని అర్థము.

చరిత్రగ్రంథములు మన బీరువాలోనే గలవు గనుక క్లుప్తముగ చెప్పెదను. యూదుల రెండవ దేవాలయమును రోమనులు క్రీ. శ. 70లో ధ్వంసము చేసిరి. క్రీస్తు సమాధి యని నమ్మిన చోట కాన్‌స్టంటైను చక్రవర్తి కట్టించిన దేవాలయము 335లో ప్రతిష్ఠింపబడెను. ఏడవ శతాబ్దమున నగరము అరబ్బుల వశమాయెను; పూర్వము యూదుల దేవాలయమున్న మెరకపై ఖలీఫా అబ్దుల్ మాలిక్ 691-92లో బండపై గుమ్మటము కట్టించెను. 1099లో క్రూసేడు సైనికులు పట్టుకొని నెత్తురు పారించిరి. 1187లో సలాహుద్దీను తిరిగి గెలిచెను. 1917లో ఆంగ్లేయులు వచ్చిరి. 1948 యుద్ధములో నగరము రెండుగా చీలెను. 1967లో తూర్పు భాగమును కూడ ఇస్రాయేలు ఆక్రమించెను. ఇస్రాయేలు దానిని తన రాజధాని యనును. పాలస్తీనావారు తమ రాజధాని అదియే యందురు. ప్రపంచదేశములలో అధికభాగము ఆ తూర్పు భాగముపై ఇస్రాయేలు హక్కును అంగీకరింపలేదు. ఇంతటితో చరిత్ర చాలును.

శుక్రవారము తెల్లవారగనే ఒలీవల కొండపైకి పోతిమి. చలిగాలి, సన్నని తుంపర. అక్కడినుండి నగరమంతయు అరచేతిలో వలె కనబడును. ఎదుట బంగారు గుమ్మటము. దాని రేకులకు జోర్డాను రాజు హుస్సేను 1990 దశకపు ప్రారంభమున 80 కిలోల బంగారముతో కొత్త పూత వేయించెను. మా కాళ్ళ క్రింద వాలు పొడవున యూదుల సమాధులు. ఎదుటి గట్టున, మూయబడిన బంగారు ద్వారము ముంగిట, ముస్లిముల సమాధులు. నడుమ సన్నని లోయ. ఇరువురి నమ్మకములోను అంత్యదినమున తీర్పు జరుగునది అక్కడనే. అందుచే ఎవరి వైపున వారు మంచి చోటు చూచుకొని పడుకొనియున్నారు. “ఇక్కడ స్థలం ధర ఎంతుంటుందో” అని పోస్టుమాస్టరుగారు నెమ్మదిగ అనిరి. ఆ యాత్రలో వారు నాతో స్వయముగ పలికిన మొదటి మాట అది.

తరువాత నా కోరికపై మేమిద్దరము మాత్రము హేరోదు ద్వారము వద్దనున్న భారతీయుల సత్రమునకు పోతిమి. పంజాబు దేశపు సూఫీ మహాత్ముడు బాబా ఫరీదు సుమారు ఎనిమిది వందల ఏండ్ల క్రిందట అక్కడ తపస్సు చేసెనని చెప్పుదురు. ఆయన పేర మన దేశపు యాత్రికులకు బస ఏర్పడినది. 1924లో ఉత్తరదేశమందలి సహారన్‌పూరు నుండి ఒక అన్సారీగారు దాని నిర్వహణకు వచ్చిరి. ఆనాటి నుండి ఆ వంశమువారే కాపాడుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున భారతసైనికులు అక్కడ విశ్రమించిరి. 1967 యుద్ధములో గుండ్లు పడి కట్టడము కొంత కూలినది. ఆ కుటుంబములోని వారే కొందరు మరణించిరి. అయినను వారు వెళ్ళిపోలేదు. ఆ సందులో మన జెండాను చూచునప్పటికి నాకు కన్నులు చెమర్చినవి. పోస్టుమాస్టరుగారు మోకాళ్ళు పట్టుకొని మెట్టుమీద కూర్చుండిరి. నేను కసరలేదు.

మధ్యాహ్నమునకు వీథులు నిండినవి. జుమా నమాజునకు దమస్కు ద్వారము నుండి వేలకొలది జనులు గుమ్మటపు ప్రాంగణమువైపు నడచుచుండిరి. ముసలివారి చేతులలో చాపలు. మూలమూలల తుపాకులతో సైనికులు. ఆ ప్రాంగణము సుమారు 35 ఎకరములు. లోపలి నిర్వహణ జోర్డానుకు సంబంధించిన వక్ఫు సంస్థది. ద్వారములవద్ద కాపలా ఇస్రాయేలు పోలీసులది. 1967 తరువాతి ఏర్పాటు ప్రకారము ఇతర మతస్థులు నియమిత వేళలలో పోయి చూడవచ్చును గాని, ప్రార్థన ముస్లిములకే. ఈ నియమము పైననే ఇటీవల వివాదములు పెరిగినవి. శుక్రవారము ఇతరులకు ప్రవేశము లేదు. అందుచే ఆ గుమ్మటమును నేను దూరమునుండి చూచుటయే గాని దగ్గరగా చూడలేదు. చూడనిదానిని చూచినట్లు చెప్పను.

మూడు గంటల వేళ, నమాజు ముగించిన జనము ఇంకను ఇండ్లకు చేరుచుండగనే, అదే ఇరుకు వీథిలో ఫ్రాన్సిస్కను సన్యాసులు సిలువమార్గపు ఊరేగింపు నడపిరి. ప్రతి శుక్రవారము ఇది జరుగును. క్రీస్తు సిలువ మోసెనని చెప్పు త్రోవ, పదునాలుగు మజిలీలు. ఆ త్రోవలో సగము ముస్లిముల అంగళ్ళ నడుమ పోవును. ఒక ప్రక్క కీర్తనలు. ఒక ప్రక్క దానిమ్మరసము అమ్మువాని కేక. తలపై నువ్వుల రొట్టెల పళ్ళెముతో ఒక కుఱ్ఱవాడు “జరగండి” అన్నట్లు అరచుచు ఊరేగింపునకు ఎదురు వచ్చెను. సన్యాసులు పాట ఆపకయే గోడకు ఒత్తుకొని దారి ఇచ్చిరి. వానికిని వారికిని అది అలవాటు. నాకు మాత్రము ఆ రొట్టె వాసనకు ఆకలి వేసినది. కొని సగము పోస్టుమాస్టరుగారికి ఇచ్చితిని. వారు ఊరేగింపు ముగియువరకు జేబులోనే ఉంచుకొనిరి.

అక్కడినుండి పడమటి గోడకు దిగు వీథిలో, గొలుసు ద్వారమునకు సమీపమున, ఒక గ్రంథాలయము కలదు. ఖాలిదీ గ్రంథాలయము. రాగిబ్ ఖాలిదీ అను ఆయన తల్లి ఖదీజమ్మ విడిచిన సొమ్ముతో 1900లో దానిని ప్రజలకొఱకు తెరచిరి. వంశపు వ్రాతప్రతులు వేయికి పైగా అందు గలవు. మేము పోవునప్పటికి తలుపు మూసియుండెను. నేను ఆ తలుపు ముందు కొంతసేపు నిలిచితిని. ఒక ఇల్లాలు గ్రంథాలయమునకు సొమ్ము విడుచుటను గూర్చి ఇక్కడి అమ్మలకు వేరుగా చెప్పనవసరము లేదు. మన భవనపు స్థలము ఎట్లు వచ్చినదో అందరికి తెలియును.

సూర్యాస్తమయమునకు ముందు పడమటి గోడ చేరితిమి. హేరోదు రాజు తన దేవాలయపు మెరకను నిలుపుటకు కట్టించిన గోడలో మిగిలిన భాగమది. దేవాలయము పోయినది; గోడ మిగిలినది. పురుషులకు వేరు, స్త్రీలకు వేరు స్థలము. తలపై టోపీ ఉండవలెను, అక్కడనే ఇచ్చిరి. ఆ రాళ్ళ సందులలో చీటీలు కుక్కియున్నవి. భక్తులు భగవంతునికి తమ కోరికలు వ్రాసి పెట్టుదురు. ఏటికి రెండు పర్యాయములు వాటిని తీసి ఒలీవల కొండపై పూడ్చుదురట. ఇంకొక విశేషము: “దేవునికి, యెరూషలేము” అని విలాసము వ్రాసి లోకమందలి జనులు పంపు ఉత్తరములను అక్కడి తపాలాశాఖవారు పారవేయరు, ప్రోగుచేసి తెచ్చి ఆ గోడలోనే పెట్టుదురు. ఈ సంగతి విని మన పోస్టుమాస్టరుగారు పొందిన ఆనందమును నేను వర్ణింపలేను. ముప్పదియారేండ్లు విలాసము సరిగా లేని ఉత్తరములతో బాధపడినవారు. “ఇది డిపార్టుమెంటంటే!” అనిరి. తామును ఒక చీటీ తెలుగులో వ్రాసి పెట్టిరి. ఏమి వ్రాసితిరని నేను అడుగలేదు. వారు చెప్పలేదు.

ఇంతలో సైరను మ్రోగెను. అది యూదుల విశ్రాంతిదినము ప్రవేశించుటకు గుర్తు. ఆ క్షణము నుండి మరునాటి రాత్రివరకు వారు వ్రాయరు, దీపము వెలిగింపరు, బండి నడపరు. నల్లకోటుల యువకులు చేతులు కలిపి పాడుచు మెట్లు దిగి వచ్చిరి. అదే సమయమున పైనున్న మసీదులనుండి అజాను వినవచ్చెను. దూరమున చర్చి గంటలు. మూడు ధ్వనులును ఒకదానిలో నొకటి కలిసినవని వ్రాసిన యాత్రాగ్రంథములు నేను చదివితిని. నా చెవికి అవి కలియలేదు. మూడును వేరువేరుగనే వినబడినవి. అయినను ఏ ఒక్కటియు తక్కిన రెంటికొఱకు ఆగలేదు.

రాత్రి క్రీస్తు సమాధి దేవాలయమునకు పోతిమి. ఈ భాగము కొంచెము విస్తరింతును.

ఆ దేవాలయమును ఆరు శాఖల క్రైస్తవులు పంచుకొందురు: గ్రీకులు, రోమను కాథలికులు, ఆర్మీనియనులు, కోప్తులు, సిరియనులు, ఇథియోపియనులు. ఏ స్తంభము ఎవరిది, ఏ మెట్టు ఎవరు ఊడ్వవలెను, ఏ దీపము ఎవరు వెలిగింపవలెను, ఏ గంటకు ఎవరి పూజ, ఇవన్నియు తురుష్క ప్రభువుల కాలమున 1757లోను, 1852లోను వెలువడిన ఆజ్ఞలను బట్టి ఏ స్థితిలో ఉన్నవి ఆ స్థితిలోనే ఉండవలెను. ముఖద్వారము పైకిటికీ క్రింద ఒక చిన్న కొయ్యనిచ్చెన కలదు. కనీసము పదునెనిమిదవ శతాబ్దము నుండి అది అక్కడనే యున్నది. దానిని తీయు హక్కు ఎవరిదో తేలలేదు గనుక ఎవరును తీయలేదు. 2002లో వేసవి యెండకు తాళలేక ఒక కోప్తు సన్యాసి మేడపైన తన కుర్చీని కొంచెము నీడకు జరుపుకొనెను. ఇథియోపియనులు దానిని దురాక్రమణగా భావించిరి. కొట్లాటలో 11 మంది ఆసుపత్రి పాలైరి. సమాధి మందిరము ఒరిగిపోవుచుండగా 1947లో ఆంగ్లేయులు ఇనుపదూలములు బిగించి నిలిపిరి. తరువాత దాదాపు డెబ్బదియేండ్లు శాఖలవారి నడుమ ఒప్పందము కుదరక ఆ దూలములు అట్లే యుండెను. 2015లో ప్రమాదకరమని పోలీసులు కొన్ని గంటలు మూసివేసినప్పుడు గాని వారికి మెలకువ రాలేదు. ముగ్గురు పెద్దవాటాదారులును కలిసి 2016లో పని మొదలిడి 2017 మార్చిలో ముగించిరి. మేము పోవునప్పటికి దూలములు లేవు.

ఇక తాళముచెవి. అది చాణెడున్నర పొడవుగల ఇనుప చెవి. అది ఏ క్రైస్తవుని చేతిలోను లేదు. రెండు ముస్లిము వంశములవారి వద్ద నున్నది. జూదే వంశమువారు చెవిని దాచుదురు. నుసైబా వంశమువారు తలుపు తీసి మూయుదురు. మొదటివారు సలాహుద్దీను కాలమునుండి యనియు, రెండవవారు ఖలీఫా ఉమరు కాలమునుండి యనియు చెప్పుకొందురు. ఇందు ఔదార్యము మాత్రమే కలదని నేననను. పూర్వకాలపు ప్రభువులు యాత్రికులవద్ద సుంకము వసూలు చేసిరి. ద్వారము చేతిలోనుండుట వారికి లాభమే. కాని సుంకము పోయినను చెవి మాత్రము ఆ ఇండ్లలోనే నిలిచెను. ఆ ఆరు శాఖలలో ఎవరి చేతిలో పెట్టినను తక్కిన అయిదింటికి నిద్రపట్టదు.

మేము చూచుచుండగనే తలుపు మూసిరి. లోపల రాత్రియంతయు ఉండు సన్యాసులు లోపలనే యుండిరి. బయట ద్వారపాలకుడు నిచ్చెన ఎక్కి పై తాళము వేసెను. దిగి క్రింది తాళము వేసెను. అటుపై తలుపునకున్న చిన్న కంతగుండా నిచ్చెనను లోపలివారికి అందించెను. అనగా చెవి బయటివానిది, నిచ్చెన లోపలివారిది. రెండవవారు లేక ఒకరు తలుపు తీయలేరు. లెక్కలమాస్టరుకు ఆ ఏర్పాటు ఎంతో నచ్చినది. జనము వెడలిపోయిరి. రాతినేల తడిసి దీపపు వెలుగులో మెరయుచుండెను.

అప్పుడు పోస్టుమాస్టరుగారు, “మాస్టారూ, మన సాయిబుగారు పోయిన్నాడు తాళంచెవి వాళ్ళింట్లోనే ఉంచేస్తే పోయేది కదండీ” అనిరి.

పిల్లలారా, ఇప్పుడు చెప్పెదను. ఈ గ్రంథాలయము పెట్టిన నాటి నుండి దీని తాళముచెవి నాలుగువీథుల కూడలిలో నున్న దర్జీ సాయిబుగారి దుకాణములో మేకుకు వ్రేలాడుచుండెను. ఆయన తూర్పువీథివాడును కాడు, పడమటివీథివాడును కాడు. 2014లో ఆయన పోయెను. చెవి ఎవరి ఇంట నుండవలెనని తగవు వచ్చెను. పోస్టుమాస్టరుగారు ఉపాధ్యక్షులు, తూర్పువీథి. నేను కార్యదర్శిని, పడమటివీథి. వారు ఒక తాళము వేసిరి. మరునాడు దానిప్రక్కన నేనొక తాళము వేసితిని. అవును, రెండవ తాళము వేసినది నేనే. నలుబదిమూడు దినములు ఎవరును లోనికి పోలేదు. పత్రికలు వసారాలో వానకు నానినవి. పదవ తరగతి పరీక్షలకు చదువుకొను పిల్లలు మెట్లమీద కూర్చుండిరి. పిమ్మట పెద్దలు కలుగజేసికొనగా తలుపు తెరచితిమి గాని రెండు తాళములును అట్లే యుండెను. అయిదేండ్లపాటు ప్రతి ఉదయము రెండు ఇండ్లనుండి ఇద్దరు మనుష్యులు రెండు చెవులతో రావలసి వచ్చెను. ఒకరికి జ్వరమైన గ్రంథాలయమునకును జ్వరమే.

ఆ రాత్రి వారి మాటకు నేను తగిన సమాధానము చెప్పలేదు. “పదండి, చలిగా ఉంది” అంటిని. సత్రము వరకు చేయిపట్టి నడిపించితిని. వారు జేబులోని సగము రొట్టె తీసి నాకందులో సగమిచ్చిరి. గట్టిపడియుండెను.

తిరిగి వచ్చిన పిదప, 2020 జనవరిలో ఇద్దరము కలిసి సాయిబుగారి ఇంటికి పోతిమి. ఆయన కుమార్తె తండ్రి కుట్టుమిషను మీదనే పనిచేయుచుండెను. చెవి ఉంచుకొనుమని అడిగితిమి. “ఆనాడే అడుగుతారనుకున్నానండి” అని మాత్రము ఆ అమ్మాయి అన్నది. ఆ మాటకు ఇద్దరమును తలవంచుకొంటిమి. మేకు గోడకు అట్లే యున్నది. నా తాళము తీసివేసితిని. తీరా రెండు నెలలకే కరోనా వచ్చి ఊరంతయు మూతపడినదనుకొనుడు. అది వేరు సంగతి.

ఆ నగరమున శాంతి నెలకొన్నదని నేను చెప్పుటలేదు. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధముతో యాత్రికుల రాక సన్నగిల్లెను. వేలకొలది జనులు హతులైరి. ఆ నువ్వుల రొట్టెల కుఱ్ఱవాడు ఇప్పుడు పెద్దవాడై యుండును. వాడెట్లున్నాడో నాకు తెలియదు. పత్రికలో ఆ ఊరి పేరు కనబడినప్పుడెల్ల మొదట జ్ఞాపకము వచ్చునది వాడే.

ఇంకను చెప్పవలసినవి కలవు గాని, ముందువరుసలోని పోస్టుమాస్టరుగారు తమ చెవియంత్రమును సవరించుకొనుచున్నారు. నేను తప్పు చెప్పినచోట్లు రేపు ఉదయము వసారాలో చెప్పగలరు. సాయిబుగారి అమ్మాయి తలుపువద్ద చెవి పట్టుకొని నిలిచి నా వంక చూచుచున్నది. తొమ్మిదింటికి తాళము పడవలెనని మనము వ్రాసికొన్న నియమము. అయిదు నిమిషములు దాటినది. సెలవు.